అక్షరం సగంలో ఆపడం

డిసెంబరు వస్తోందంటే మా సంఘం కమిటీకి ఊపిరి సలపదు. సెమీ క్రిస్మస్ ఏ రోజు, స్టార్ ఎవరు కట్టాలి, కేరల్స్ ఏ వీధి నుంచి మొదలవ్వాలి, టెంటు హౌస్ వాళ్లకు అడ్వాన్సు ఎంత, బిర్యానీకి ఎన్ని కేజీల బియ్యం. పాస్టరు గారు లేచి ఒక నిమిషం ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత రెండు గంటలు కుర్చీల లెక్క నడుస్తుంది. ఆ నెలంతా చర్చిలో లైటు ఆరదు గానీ, మోకాళ్లూనే తీరిక మాత్రం ఎవరికీ దొరకదు. సినిమాలూ సీరియళ్లూ భక్తిని తినేస్తున్నాయని ప్రసంగాల్లో వింటూంటాం. నేను చూసినంతలో ప్రార్థన వేళను ఎక్కువగా మింగేసేది చర్చి పనే. పైగా అది దేవుడి పని కాబట్టి ఎవరూ కాదనలేరు.

దేవుడికి మొదటి చోటు ఇవ్వడమంటే తెల్లవారుజామున లేవడమనీ, టైంటేబుల్ గీసుకోవడమనీ అనుకుంటాం. లేవడం అంత కష్టమేమీ కాదు, అలారం లేపుతుంది. అసలు కష్టం చేతిలో ఉన్న పనిని సగంలో వదలడం. వంటకూ కుట్టుకూ ఎలా చెయ్యి తిరగాలో దీనికీ అలాగే తిరగాలి. సాధన లేకపోతే రాదు.

ఈ విద్య బాగా తెలిసినవాళ్లు ఈజిప్టు ఎడారి సన్యాసులు. వాళ్ల మధ్య కొన్నేళ్లు గడిపిన జాన్ కేసియన్, తర్వాత దక్షిణ ఫ్రాన్సులో స్థిరపడి, 420 ప్రాంతంలో వాళ్ల పద్ధతులు రాసిపెట్టాడు. అందులో ఒక సంగతి నన్ను చాలాకాలంగా వదలడం లేదు. ప్రార్థనకో, మరేదైనా పనికో పిలుస్తూ గది తలుపు తడితే, లోపల రాసుకుంటున్న సన్యాసి మొదలుపెట్టిన అక్షరాన్ని కూడా పూర్తిచేయడు. మన లిపిలో ఊహించుకుంటే, తలకట్టు పెట్టి, కింద వత్తు ఇవ్వకుండానే కలం పక్కన పెట్టి లేవడం! వాక్యం ముగించడానికి ఎంత సేపు పడుతుంది, అక్షరానికి ఎంత సేపు? అయినా ఆగడు. ఆ అరక్షణంలో ఎవరి మాట చెల్లుతుందన్నదే అక్కడ విషయం.

తర్వాత వందేళ్లకు ఇటలీలోని మోంటె కసీనోలో బెనెడిక్ట్ తన మఠానికి 73 అధ్యాయాల నియమావళి రాశాడు. ప్రార్థన కంటే ముందు ఏదీ పెట్టకూడదన్నది 43వ అధ్యాయం సారం. సంకేతం వినగానే చేతిలో ఏముంటే అది వదిలి త్వరగా రావాలి. త్వరగానే, కానీ నవ్వులాటగా మాత్రం కాదు. అదే అధ్యాయంలో ఆలస్యంగా వచ్చేవాళ్ల సంగతి చదివితే బెనెడిక్ట్ మన ఊరి చర్చి గుమ్మంలో నిలబడి చూసి రాశాడా అనిపిస్తుంది. రాత్రి ప్రార్థనలో మొదట్లో వచ్చే కీర్తనను, అంటే మన బైబిల్లో 95వ దాన్ని, బాగా నిదానంగా సాగదీయమంటాడు, వెనకబడినవాళ్లు అందుకోవడానికి. అప్పటికీ రానివాడు వచ్చి అందరికంటే చివర నిలబడాలి. సిగ్గుపడాలి, కానీ లోపలే ఉండాలి. బయట ఆపేస్తే కొందరు తిరిగి వెళ్లి పడుకుంటారట, లేదా కూర్చుని కబుర్లు చెప్పుకుంటారట. మనుషుల్ని ఎరిగినవాడు!

సగంలో వదలడం ఎందుకంత ముఖ్యం? పనికి చివర లేదు కాబట్టి. ‘ఇదొక్కటీ కానిచ్చి కూర్చుందాం’ అనుకున్నాక ఆ ఒక్కటి వెనకాల మరొకటి క్యూ కట్టి ఉంటుంది. అన్నీ అయ్యాక మిగిలేది ఆవులింతలు. రాత్రి పదిన్నరకు కుటుంబ ప్రార్థన పెట్టుకున్న ఇళ్లలో ఆమెన్ చెప్పేది ఒక్కరే, మిగతావాళ్లు నిద్రలో ఉంటారు.

మార్కు సువార్త మొదటి అధ్యాయం ఈ కోణంలో చదివితే కొంచెం ఇబ్బంది పెడుతుంది. కపెర్నహూములో ముందురోజు సాయంత్రం ఊరు ఊరంతా ఇంటి వాకిట్లో చేరింది. యేసు అనేకుల్ని బాగుచేశాడు. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లేచి, ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థన చేసుకుంటున్నాడు. సీమోనూ తోటివాళ్లూ వెతుక్కుంటూ వచ్చి, అందరూ నీకోసం చూస్తున్నారన్నారు. ఆయన వెనక్కి వెళ్లలేదు, పక్క ఊళ్లకు పోదాం పదండన్నాడు. ఆ పొద్దున కపెర్నహూములో ఆశతో వచ్చి నిలబడినవాళ్లు ఉండే ఉంటారు. అంతటి పనినీ సగంలో వదిలి వెళ్లాడాయన. ఇక మన షామియానా పని ఏపాటిది?

ఈ మాట రాగానే, యేసు ఇంటికి వచ్చినప్పుడు ఆయన దగ్గర కూర్చోక వంటపనిలో పడిపోయిన బేతనియ మార్తను బోనులో నిలబెట్టడం ప్రసంగీకులకు అలవాటు. స్త్రీల సమాజం కూడికలో ఆమె మీద వాక్యం రాని ఏడాది ఉండదు. మైకులో ఆ మాటలు మోగుతుంటే, చర్చి వెనకాల రేకుల షెడ్డులో అమ్మగార్లు చెమటలు కక్కుతూ, ప్రసంగీకుడి భోజనానికే పప్పు తాలింపు వేస్తుంటారు. యోహాను సువార్త కూడా తెరిస్తే మార్త మీద జాలి బదులు గౌరవం కలుగుతుంది. సోదరుడు లాజరు చనిపోయినప్పుడు చెల్లెలు మరియ ఇంట్లో కూర్చుని ఉంటే, ఎదురెళ్లి యేసును క్రీస్తని ఒప్పుకున్నది మార్తే. పస్కాకు ఆరు రోజుల ముందు జరిగిన విందులో వడ్డించిందీ ఆమే, అక్కడ ఆమెను ఎవరూ మందలించలేదు. వంట తప్పు కాదు. యేసు ఇంటికి వచ్చిన ఆ మొదటి రోజున మాత్రం ఆమె గరిటె కింద పెట్టలేకపోయింది, పైగా చెల్లెల్ని కూడా లేపబోయింది.

చర్చి సంస్కర్త మార్టిన్ లూథర్ గురించి ఒక మాట బాగా తిరుగుతుంటుంది, పని ఎక్కువున్న రోజు ఇంకో గంట ఎక్కువ ప్రార్థించేవాడని. దానికంటే నాకు నచ్చేది, 1530లో కోబర్గ్ కోటలో ఆయనతో ఉన్న వైట్ డీట్రిక్ రాసిన ఉత్తరం. ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి ఎదుట సంస్కరణ భవిష్యత్తు తేలుతోంది. బహిష్కృతుడు కావడంతో లూథర్ అక్కడికి పోలేక కోటలో ఉండిపోయాడు. అంత ఒత్తిడిలోనూ ఆయన రోజుకు మూడు గంటలు ప్రార్థనకు ఇచ్చేవాడని డీట్రిక్ చెబుతూ, అవి చదువుకు బాగా పనికొచ్చే గంటలని కూడా చేర్చాడు. మూడు గంటలన్న లెక్క కంటే ఆ చేర్పే నాకు ముఖ్యం.

నా సంగతి చెప్పాలంటే, పొద్దున రాసుకునే వేళలోనే ప్రార్థన వేళ వస్తుంది. వాక్యం ఎక్కడుంటే అక్కడే ఆపి లేవడం నా అభ్యాసం. ఇందులో ఒక చిలిపితనం ఉంది. అంతసేపూ దొరకని వాక్యం, కళ్లు మూసుకున్న మరుక్షణం ముస్తాబై ముందుకొచ్చి నిలబడుతుంది. లేచి రాసేసుకుందామని చెయ్యి పీకుతుంది. పోనిస్తాను. కొన్ని తర్వాత తిరిగొస్తాయి, కొన్ని రావు. రానివాటిలో మంచివి కూడా ఉండే ఉంటాయి. ఫోన్లో బైబిలు చదవడం మాత్రం మానేశాను. కీర్తన మధ్యలో కరెంటు బిల్లు గుర్తుచేసే యంత్రంతో వాదన పెట్టుకోవడం దేనికి!

క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ చేసే ఒక సిస్టరు గారు ఇదంతా విని, ‘నేను సెలైన్ ఎక్కిస్తూ సగంలో వదిలేస్తే ఎలాగండీ?’ అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. బెనెడిక్ట్ దీన్నీ ఆలోచించాడు. దూరంగా పనిలో ఉండి రాలేనివాళ్లు ఉన్నచోటే మోకరించి ప్రార్థించమన్నాడు, ప్రయాణంలో ఉన్నవాళ్లు వేళ తప్పొద్దన్నాడు. రోగి నరం పట్టుకున్న చేతిని దేవుడు లాగడని ఆమెకు చెప్పాను. అయితే కమిటీలో మా ఎవరి చేతిలోనూ సెలైన్ సీసా లేదు. టెంటు హౌస్ కొటేషన్లే ఉన్నాయి, అవి సోమవారం దాకా ఆగుతాయి.