గండి యెక్కడ?

యంత్రమును నమ్మి మనుష్యుని మఱచిన వైద్యమును ఈ శీర్షికయందు నే నెన్ని పర్యాయములు దూషించితినో పాత పాఠకులకు చెప్పనక్కఱలేదు. ఈ వారము మేరీలాండులోని అరువదేండ్ల మిత్రుడొకడు, రెండేండ్లుగా మెట్లెక్కిన కొలది కాళ్ళు మొద్దుబారుచుండ, నడుములో ఎముకల సందు ఇఱుకైనదని యొకరును, షుగరువలన నరములు చెడినవని మఱియొకరును చెప్పగా విని, స్టెరాయిడు సూదులు పొడిపించుకొని మఱింత క్రుంగి, తుదకు తన వెన్నుపామును కప్పు పొరయందు ధమని యొకటి తిన్నగా సిరలోనికి తెఱచుకొన్నదని తెలిసికొన్న వృత్తాంతమును ఫోనులో వినిపింపగా, మరల నా పాత పగ తీర్చుకొన వచ్చునని సంతోషముతో కలము పట్టితిని.

పట్టినంతనే మా తాతగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆయన గోదావరి కాలువమీద నీటి కావలి కాయు లస్కరు. ఒకయేడు చుక్క వానలేకయే మా చేలు మునిగి నారు కుళ్ళిపోవుచుండ, ఊరివారందఱును చేనిగట్లనే త్రవ్వి చూచుచుండిరి. తాతగారు మాత్రము పంచె యెగగట్టి, కాలువగట్టు పట్టుకొని ఎగువకు నడచి, తూము తూముకడ దిగి చేయిపెట్టి చూచుచు, మూడుమైళ్ళ అవతల గండిపడి నిండుకాలువ మురుగుకాలువలోనికి దూకుచుండుట కనిపెట్టిరి. మురుగు పొంగుటచే చేలలోని నీటికి పోవు దారి లేకపోయినది, అంతియే.

మిత్రుని వెన్నులో జరిగినదియు నిదియే. ధమనిలోని ఒత్తిడి సిరల కెక్కి, లోని రక్తము వెలికిపోలేక వెన్నుపాము ఉబ్బును. 1926లో పారిసులో ఫువా, అలాజువానీనులు వర్ణించిన యిట్టి రోగమున సిరలలో రక్తము గడ్డకట్టి వెన్నుపాము చచ్చినదని చాలకాలము తలంచిరి. 1974లో లండనులో ఎమినాఫ్ ప్రభృతులు ఒత్తిడియే మూలమనిరి. చచ్చినదానికి మందు లేదు, గండికి కలదు. కాని కాళ్ళు మొద్దుబారినను గండి ఱొమ్మువెనుకనో, ముడ్డిపూస కడనో ఉండవచ్చును. కావున బెథెస్డా జాతీయ ఆరోగ్యసంస్థలో డీ కీరో, డాప్‌మన్‌లు 1960లలో పాటుపడి పెంపొందించిన పద్ధతిని, సన్నని గొట్టముతో ఒక్కొక్క ధమనిలోనికి రంగుమందెక్కించి ఎక్స్‌రే తీసి చూతురు. తాతగారి నడకయే.

ఇక యంత్రమును తిట్టుట మిగిలినది. అయితే, రెండేండ్లనాటి ఎమ్మారైలోనే వెన్నుపాము వెనుక మెలికలు తిరిగిన నల్లని చుక్కలు కలవట. ఆనాడు చదివినవారు గమనింపలేదు, మెట్లమాట విన్న మఱొక వైద్యుడు మరల తెఱచి చూచి గమనించెను. యంత్రము చూపినదానిని కన్నున్నవాడు చూడకపోయినచో నేనెవరిని తిట్టుదును?

గండి మూసిరి. మిత్రుడు నిన్న పదునాలుగు మెట్లెక్కెనట. చేతికఱ్ఱ యింకను విడువలేదు. నడచిన కొలది కాళ్ళు బరువెక్కు పెద్దలు మీ యింట నుండినచో, పాత స్కాను సీడీలు పాఱవేయకుడు, మఱొకరిచే చదివింపుడు.