ప్రాజెక్ట్ వీక్: ఐదు రోజుల నేతకు ముందు పడుగు

వైద్య చిత్రాలను చూపే త్రీడీ స్లైసర్‌లో ఒక సీటీ స్కాన్ తెరిస్తే మూడు కిటికీల్లో మూడు దిశల కోతలు కనిపిస్తాయి, నాలుగో కిటికీ త్రిమితీయ రూపం కోసం ఉంటుంది. షిఫ్ట్ మీట నొక్కి ఒక కోత మీద మౌస్ కదిపితే మిగతా కోతలు కూడా అదే బిందువు దగ్గరికి వచ్చి నిలుస్తాయి. వాడేవారికి ఇదంతా ఒకే సాఫ్ట్‌వేర్. లోపల చూస్తే అది చాలామంది చేతుల పని. తెరమీద బొమ్మ గీసేది వీటీకే అనే లైబ్రరీ. బొమ్మలోని అంకెల మీద లెక్కలు చేసి మసక తగ్గించేది, వేర్వేరు రోజుల స్కాన్లను ఒకదానిమీద ఒకటి కుదిర్చేది ఐటీకే. బటన్లు, మెనూలు క్యూటీవి. ఆస్పత్రి యంత్రాలు పంపే డైకామ్ ఫైళ్లను చదవడానికి మరికొన్ని లైబ్రరీలు. వీటన్నిటి పైన, పరిశోధకులు తమ అవసరం కొద్దీ పైథాన్‌లోనో సీ ప్లస్ ప్లస్‌లోనో రాసుకున్న మాడ్యూళ్లు. వీటిని చూసుకునే బృందాలు వేరు, ఊళ్లు వేరు, గడియారాలు వేరు. ఎవరి భాగం వారి దగ్గర చక్కగానే పనిచేస్తుంది. చిక్కంతా అతుకుల దగ్గర వస్తుంది.

ఆ అతుకుల కోసం పుట్టినదే ప్రాజెక్ట్ వీక్. 1990ల చివర బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్, ఎంఐటీ కలిసి స్లైసర్‌ను మొదలుపెట్టాయి. 2004లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా వ్యవస్థ ఎన్‌ఐహెచ్ నిధులతో, రాన్ కికినిస్ నాయకత్వాన ‘నామిక్’ అనే కూటమి ఏర్పడింది. మరుసటి ఏడాది, 2005 వేసవిలో, ఆ కూటమిలోని ప్రోగ్రామర్లు, వైద్య పరిశోధకులు ఎంఐటీలో ఒక వారం కలిసి కూర్చున్నారు. అప్పట్నుంచి వేసవిలో ఒకటి, చలికాలంలో ఒకటిగా ఆ వారం నడుస్తూ వస్తోంది. బోస్టన్, సాల్ట్ లేక్ సిటీ, స్పెయిన్ దీవుల్లోని లాస్ పాల్మాస్, మాంట్రియల్ దానికి ఆతిథ్యమిచ్చిన ఊళ్లలో కొన్ని. మొదటి గ్రాంటు ఎప్పుడో ముగిసిపోయింది. వారం మాత్రం ఆగలేదు. దాని అమరిక చూస్తే ఎందుకు ఆగలేదో తెలుస్తుంది.

ఆ అమరికలో అన్నిటికన్నా చిన్న భాగం ఒక పేజీ. వచ్చే ప్రతి బృందం తన పనికి ఒక పేజీ తెరవాలి. పైన ప్రాజెక్టు పేరు, పనిచేసేవారి పేర్లు, వారి సంస్థలు. తర్వాత రెండు మూడు వాక్యాల్లో వివరణ. దాని కింద అసలు గుండెకాయ: లక్ష్యం, పద్ధతి-ప్రణాళిక, పురోగతి-తరువాతి మెట్లు అనే మూడు శీర్షికలు. చివర బొమ్మలకు కొంత చోటు. మొదట్లో ఇది వికీ పేజీగా ఉండేది, ఇప్పుడు గిట్‌హబ్‌లో ఒక ఫైలు. రూపం మారింది గానీ ఆ శీర్షికల తీరు పెద్దగా మారలేదు.

నాకు ఇందులో గొప్ప పనితనం కనిపిస్తుంది. మొదటి రెండూ వారానికి ముందే నింపాలి. మూడోది ఖాళీగా వదిలెయ్యాలి. శుక్రవారం ఆ ఖాళీలో ఏం రాయగలమన్న ప్రశ్న, మొదటి రెండు గడులు నింపేటప్పుడే మనసులో మెదులుతుంది. ‘సెగ్మెంటేషన్ (స్కాన్‌లో అవయవం హద్దు గుర్తించడం) మెరుగుపరచాలి’ అని ఎవరైనా రాశారనుకుందాం. వాక్యం తప్పేమీ కాదు, కానీ దాంతో వారం గడవదు. ఏ అవయవం? సీటీయా, ఎంఆర్ఐయా? నమూనా డేటా ఎక్కడుంది? ఇప్పుడున్న మాడ్యూల్‌లో ఏది ఆగిపోతోంది? ఈ ప్రశ్నలు పడ్డాక అదే వాక్యం, ‘కాలేయపు హద్దును చేత్తో దిద్దినప్పుడు పక్క కోతల్లోనూ ఆ దిద్దుబాటు తెరమీద వెంటనే కనిపించేలా చేయడం’ అని మారుతుంది. ఇప్పుడది ఐదు రోజుల్లో పట్టే పని.

ఆ ప్రశ్నలు పడేది ముందు వారాల్లో జరిగే వీడియో సమావేశాల్లో. ఒక్కో ప్రాజెక్టుకు కొద్ది నిమిషాలే. చెప్పేవారు చెబుతుంటే, ‘ఈ మాడ్యూల్ నిరుడు మేం సగం రాసి వదిలేశాం, తీసుకోండి’ అని ఒకరు, ‘మాకూ ఇదే కావాలి, కలిసి చేద్దాం’ అని ఇంకొకరు అంటారు. రెండు పేజీలు ఒకటవుతాయి. ఒక పేజీకి కొత్త పేరు చేరుతుంది. ఏళ్ల తరబడి ప్రాజెక్ట్ వీక్‌ను నడిపిన టీనా కపూర్ తదితరులు 2016లో ‘మెడికల్ ఇమేజ్ అనాలిసిస్’ పత్రికలో ఈ అనుభవాన్ని వ్యాసంగా ప్రచురించారు. నా దృష్టిలో ఇలా ప్రాజెక్టులను జత కలపడమే నిర్వాహకుల అసలు పని. హాలు, భోజనం, వైఫై తర్వాతి సంగతులు.

మగ్గం మీద నేత అందరికీ కనిపిస్తుంది. పడుగు సాగదీసి, గంజి పెట్టి, పోగుకు పోగు అతికిన పని ఎవరికీ కనిపించదు. ప్రాజెక్ట్ వీక్‌కు ముందూ అలాంటి పని రెండు చోట్ల ఉంది.

మొదటిది బిల్డ్. స్లైసర్‌ను సోర్సు నుంచి తయారు చేసుకునేటప్పుడు అది తాను ఆధారపడే లైబ్రరీలన్నిటినీ దించుకుని, వరసగా కంపైల్ చేసి, చివరికి తనను తాను కట్టుకుంటుంది. దీన్ని సూపర్‌బిల్డ్ అంటారు. మామూలు లాప్‌టాప్ మీద గంటలు పడుతుంది. విండోస్‌లో ఫోల్డర్ దారి పొడవైతే మధ్యలో విఫలం కావచ్చు. అందుకే డ్రైవ్ మొదట్లోనే ఒకటి రెండు అక్షరాల పేరుతో ఫోల్డర్ పెట్టుకోవాలని స్లైసర్ సూచనల్లోనే రాసి ఉంటుంది. ఇది సోమవారం మొదలుపెడితే సోమవారం అందులోనే పోతుంది. ఇంటి దగ్గరే ముగించుకుని వస్తే, ఆ తర్వాత మార్చిన ఫైళ్లను మాత్రమే మళ్లీ కంపైల్ చేస్తే చాలు.

రెండోది డేటా. రోగి పేరు, పుట్టిన తేదీ డైకామ్ ఫైలు తలకట్టులో ఉంటాయని అందరికీ తెలుసు. అల్ట్రాసౌండ్ బొమ్మల్లో పేరు బొమ్మ మీదే అచ్చయి ఉండవచ్చు. తల సీటీ అయితే పేరు తీసేసినా చాలదు. చర్మపు ఉపరితలాన్ని త్రిమితీయంగా గీస్తే ముఖం పోలిక బయటపడుతుంది. ఆస్పత్రి అనుమతి, గుర్తులు చెరిపేయడం వారంలో అయ్యే పనులు కావు. అందుకే అందరికీ తెరిచి ఉన్న నమూనా డేటాను ముందుగానే ఎంచుకోవడం తెలివైన పద్ధతి.

ఇక వారం సంగతి. సోమవారం పరిచయాలు. ఒక్కొక్కరూ లేచి తమ పేజీ తెరమీద చూపించి, రెండు మాటలు చెప్పి కూర్చుంటారు. పోటీ లేదు, బహుమతులు లేవు. ఎవరు దేనిమీద ఉన్నారో గదిలో అందరికీ తెలియడమే ప్రయోజనం. ఆ తర్వాత బల్లల చుట్టూ చేరి పని. నడుమ కొన్ని అంశాల మీద చిన్న చర్చలుంటాయి, కావలసినవారు వెళ్తారు, మిగతావారు కోడ్ రాసుకుంటారు.

ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఏం ఒరుగుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. డైకామ్ ప్రమాణంలో మొదటి అక్షం రోగి ఎడమవైపుకు, రెండోది వీపువైపుకు, మూడోది తలవైపుకు పెరుగుతాయి. ఐటీకేదీ అదే పద్ధతి. స్లైసర్ లోపల మాత్రం మొదటిది కుడివైపుకు, రెండోది ముందువైపుకు పెరుగుతాయి, మూడోది తలవైపే. అంటే ఐటీకేలో (20, −35, 110) అన్న బిందువు స్లైసర్‌లోకి వచ్చేసరికి (−20, 35, 110) కావాలి. రెండు గుర్తులూ మరిచిపోతే మనిషి వెనక్కి తిరిగినట్టు కనిపిస్తాడు, ఎవరైనా పట్టేస్తారు. మొదటి గుర్తు ఒక్కటే తప్పితే అద్దంలో ప్రతిబింబంలా కుడి ఎడమలు తారుమారవుతాయి. మెదడు రెండు సగాలూ చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ప్రోగ్రామర్ కంటికి అంతా సరిగ్గానే ఉన్నట్టు తోస్తుంది. కణితి ఏ పక్కనుందో తెలిసిన వైద్యుడు పక్కనుంటే బొమ్మ చూడగానే తేడా చెప్తాడు. ఐటీకే సంగతి తెలిసినవారు అదే బల్ల దగ్గర ఉంటే గుర్తు ఏ వరసలో తప్పిందో చూపిస్తారు. ఈమెయిళ్లలో అయితే, ప్రశ్న అర్థం కావడానికే రోజులు పట్టే వ్యవహారమిది.

శుక్రవారం మళ్లీ అందరూ ఒకచోట చేరతారు. ఈసారి మూడో గడి నిండి ఉంటుంది. అనుకున్నది పూర్తయితే తెరపటం పెడతారు. కాకపోతే ఎక్కడ ఆగిందో రాస్తారు, దానికీ అంతే గౌరవం. ఫలానా దారి పనికిరాదని తేలడం తర్వాత వచ్చేవారి వారాన్ని కాపాడుతుంది. ఈ పేజీలు తీసెయ్యరు. పాత వారాల పేజీలు తిరగేస్తే, ఒక ఆలోచన ఒక ఏడాది ‘తరువాతి మెట్లు’లో చివరి వాక్యంగా మొదలై, మరో ఏడాది సొంత పేజీగా ఎదిగిన తీరు చూడొచ్చు.

రాసిన కోడ్ శుక్రవారమే స్లైసర్‌లో చేరిపోదు. దాన్ని చేర్చుకోమని కోరే పుల్ రిక్వెస్టుగా పంపాలి, ఆ భాగం చూసుకునేవారు చదివి అభ్యంతరాలు చెప్పాలి, పరీక్షలు నెగ్గాలి. అవన్నీ దాటాక రాత్రి పూట తయారయ్యే ప్రివ్యూ కూర్పులోకి వెళ్తుంది. లైసెన్సు బీఎస్‌డీ తరహాది కాబట్టి, ఏ ఊళ్లో ఏ విద్యార్థి అయినా పైసా కట్టకుండా దాన్ని దించుకుని తన స్కాన్ మీద నడిపి చూసుకోవచ్చు, నచ్చనిచోట మార్చుకోవచ్చు.