విప్పడానికి చేసిన యంత్రం

ఒక వస్తువు పనితనం తెలియాలంటే దాన్ని తిరగేసి చూడాలి. పైమూత కొనేవాడి కోసం చేసింది, అడుగుభాగం బాగుచేసేవాడి కోసం చేసింది. 2011లో వచ్చిన థింక్‌ప్యాడ్ టి420 ల్యాప్‌టాప్‌ని బోర్లిస్తే స్క్రూల పక్కన చిన్నచిన్న బొమ్మలు కనిపిస్తాయి. కీబోర్డు ఊడి రావాలంటే కీబోర్డు బొమ్మ ఉన్న స్క్రూలు తీస్తే చాలు. ర్యామ్ కావాలంటే దాని బొమ్మ దగ్గర చూడాలి. యంత్రం తన లోపలికి తానే దారి చూపిస్తుంది.

ఇన్నేళ్లూ నా రాతపనంతా మోసింది ఇదే. మొన్న ఎండాకాలంలో కరెంటు హెచ్చుతగ్గులకు దీని మదర్‌బోర్డు పోయింది. పాత బోర్డు వెతికి వేయించవచ్చు. కానీ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇందులో ఉన్నదేమో ఇంటెల్ రెండో తరం ప్రాసెసర్, విండోస్ 11 అడిగే అర్హతలకు అందదు. ఇక సెలవు ఇద్దామని హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలో ఒక రిపేరు కొట్టుకు తీసుకెళ్లాను.

18వ శతాబ్దం చివర్లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ ఫిరంగులు పోతపోయించిన చోటు గన్‌ఫౌండ్రీ. ఆ కార్ఖానా గోడలు కొన్ని ఇంకా మిగిలాయి. ఫిరంగి ఏకాండీగా పోసిన లోహం. పగిలితే కరిగించి మళ్లీ పోయాల్సిందే, మధ్యలో మార్చడానికి భాగమంటూ ఉండదు. ఇప్పుడు అదే పేటలో, అటు ఆబిడ్స్ చిరాగ్ అలీ లేన్‌లో, బల్లల మీద సన్నని స్క్రూడ్రైవర్లతో సాగే పని దీనికి పూర్తిగా ఎదురు. ఒక భాగం పోతే ఆ భాగమొక్కటే మార్చి మిగతాదాన్ని బతికించడం వీళ్ల విద్య.

కొట్టులో కుర్రాడు ముందు బ్యాటరీ గొళ్లెం జరిపి బ్యాటరీ తీసి పక్కన పెట్టాడు. పక్కనున్న ఒకే ఒక్క స్క్రూ విప్పగానే హార్డ్‌డిస్క్ సొరుగులా బయటికొచ్చింది. అడుగున రెండు స్క్రూలు తీసి, కీబోర్డును తెరవైపు కాస్త నెట్టి పైకెత్తాడు. అంతే, వచ్చేసింది. ఎక్కడా జిగురు లేదు.

“దీన్ని విప్పుడు అల్కగ అయితది సార్. ఇప్పటివాటికి గమ్ము పెడ్తున్రు. కొన్నిట్ల ర్యామ్ బోర్డు మీదనే అతికిస్తున్రు, పెంచుదామన్నా కాదు” అన్నాడు.

“నేర్చుకున్నది వీటిమీదనేనా తమ్మీ?” అనడిగాను.

“వీటిమీదనే. పుస్తకం కూడ ఉంటది గద సార్.”

ఆ పుస్తకం మెయింటెనెన్స్ మాన్యువల్. ఏ స్క్రూ ముందు తీయాలో, ఏది తర్వాతో, ఏ భాగం నంబరు ఎంతో బొమ్మలతో సహా అందరికీ అందుబాటులో ఉంచారు. తయారుచేసినవాళ్లు ఎక్కడో ఉన్న మెకానిక్కును తమ పనిలో భాగస్తుడిగా లెక్కేసుకున్నారనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఊడదీసిన కీబోర్డును చేతిలోకి తీసుకుని చూశాను. ఏడు వరసల పాత పద్ధతి. ప్రతి కీ నడుమ చిన్న పల్లం, వేలికొన దానంతటదే అందులో కుదురుకుంటుంది. ఎస్కేప్, డిలీట్ కీలు రెట్టింపు ఎత్తున్నాయి, తరచూ నొక్కేవి తడుముకోకుండా దొరకాలని. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో రాసేవాళ్లకు ఇలాంటి కీబోర్డు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఆ అమరికలో అచ్చులు, గుణింతాలు ఎడమచేతి కింద, హల్లులు చాలావరకు కుడిచేతి కింద ఉంటాయి. ‘కాకి’ అని కొడితే కుడి, ఎడమ, కుడి, ఎడమ. చేతులు వంతులవారీగా నడుస్తాయి. వత్తు పడాలంటే పొల్లు కావాలి, పొల్లు ఉండేది ‘డి’ మీద. నా కీబోర్డులో నున్నగా అరిగి మెరుస్తున్న కీ అదే. మన భాషలో వత్తులెన్నో ఆ ఒక్క కీని చూసి చెప్పవచ్చు.

జి, హెచ్, బి కీల నడుమ ఎర్రటి బొడిపె ఉంది. కీబోర్డు మీంచి చెయ్యి తీసి మౌస్ అందుకోవడానికి ముప్పావు సెకను పడుతుందన్న లెక్క చదివి, ఆ ముప్పావు సెకను మిగల్చడానికి ఐబీఎమ్‌లో టెడ్ సెల్కర్ ఏళ్లకేళ్లు వెచ్చించాడు. వేళ్లు కదలకుండా బాణం గుర్తును నడిపించే ఈ బొడిపె అలా పుట్టింది. 1992 అక్టోబరులో తొలి థింక్‌ప్యాడ్‌లలో ఒకటైన 700సి దానితోనే వచ్చింది. నల్లని పెట్టె రూపం ఇచ్చింది జర్మన్ డిజైనర్ రిచర్డ్ సాపర్, దాన్ని యంత్రంగా మలచింది జపాన్‌లోని యమాటో ప్రయోగశాల. 2005లో ఈ వ్యాపారం లెనోవో చేతికి వెళ్లాక కూడా ఆ బొడిపె పోలేదు. ఏడు వరసల కీబోర్డు మాత్రం 2012లో వెళ్లిపోయింది. 2017లో పాతికేళ్ల పండుగ మోడల్‌లో ఒక్కసారి తిరిగొచ్చింది.

కీబోర్డు కింద నీళ్లు జారిపోవడానికి రంధ్రాలున్నాయి. పైనుంచి ఒలికినది బోర్డును తాకకుండా అడుగు నుంచి బయటపడాలని ఈ ఏర్పాటు. తెర అంచున, కెమెరా దగ్గర చిన్న దీపం ఉంది, కరెంటు పోయిన రాత్రి కీల మీద వెలుగు పడటానికి. హింజ్‌లు ఇప్పటికీ బిగువుగానే ఉన్నాయి. తెరను ఏ కోణంలో ఆపితే అక్కడే నిలుస్తుంది, కావాలంటే బల్ల మీద పూర్తిగా పరుచుకుంటుంది.

ఇవేవీ ప్రకటనల్లో మెరిసే గుణాలు కావు. నీళ్లు ఒలుకుతాయి, కరెంటు పోతుంది, భాగాలు అరుగుతాయి అని ఒప్పుకుని, ప్రతిదానికీ ముందుగానే జవాబు సిద్ధం చేయడమే నా దృష్టిలో పనితనం. అలా చేసిన యంత్రం ఆగిపోయినా మొత్తంగా చెత్తబుట్టకు పోదు.

హార్డ్‌డిస్క్ నేను తెచ్చుకున్నాను, అందులో నా రాతలున్నాయి. బ్యాటరీ ఈ-వ్యర్థాలు సేకరించేవాళ్లకు వెళ్తుంది. ర్యామ్, తెర, హింజ్‌లు కుర్రాడు విడిభాగాల కింద ఉంచుకున్నాడు. కీబోర్డుకు నేను డబ్బు తీసుకోలేదు. రిపేరుకొచ్చిన ఇంకో టి420కి దాన్ని బిగిస్తానన్నాడు. అరిగిన ‘డి’ సంగతి అడిగితే, ఆ ఒక్క కీ మూత విడిగా మార్చొచ్చని చెప్పి, పాత కీబోర్డుల డబ్బా ముందుకు లాక్కున్నాడు.