చుక్క కనబడితేనే తెర

ప్రూఫులు దిద్దే పనికి రెండు పేజీలు పక్కపక్కన ఉండాలి. ఒకటి రచయిత ప్రతి, రెండోది అచ్చుకు సిద్ధం చేసిన పేజీ. చిన్న లాప్‌టాప్ తెర మీద ఈ రెండూ పట్టవు. పెద్ద మానిటర్లు పెడదామంటే చాలా ఇళ్లలో చోటుండదు. దామరచర్లలో ఇంటి దగ్గర కూర్చుని హైదరాబాద్ ప్రచురణకర్తలకు పని చేసే నేను మిక్స్‌డ్ రియాలిటీ హెడ్‌సెట్‌కు అలవాటు పడింది ఇందుకే. అది కళ్లకు తగిలించుకుంటే గోడంత తెరలు ఎదురుగా నిలుస్తాయి. బల్ల, కీబోర్డు, గదిలోకి వచ్చిన మనిషి కూడా కెమెరాల ద్వారా కనబడుతూనే ఉంటారు.

తలకు తగిలించుకునే తెరను కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ 1968లోనే చేసి చూపించాడు. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలో మైక్రోసాఫ్ట్ 2015లో హోలోలెన్స్ హెడ్‌సెట్‌ను ప్రకటించి, 2024లో తయారీ ఆపేసింది. అదే ఏడాది ఆపిల్ విజన్ ప్రో అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. అప్పటి ధర 3,499 డాలర్లు. అంతకు కొన్ని నెలల ముందే, 2023 అక్టోబర్‌లో, మెటా క్వెస్ట్ 3 అక్కడ 499 డాలర్లకు దొరికింది. మామూలు ఉద్యోగి ఈ పరికరం గురించి ఆలోచించగలుగుతున్నది ఈ తక్కువ ధర వల్లే.

చుట్టూ ఎన్ని తెరలైనా పరుచుకోవచ్చన్నదే దీనికి పెద్ద ప్రచారం. తెలుగు చదివేవాళ్లు చూడాల్సింది మాత్రం తెరల సంఖ్య కాదు, అక్షరం స్పష్టత. మంచి చూపున్న కన్ను ఒక డిగ్రీ కోణంలో సుమారు 60 పిక్సెళ్లను విడదీసి చూడగలదు. క్వెస్ట్ 3 ఇచ్చేది దాదాపు 25. ఇంగ్లిష్ అక్షరాలకు అది ఎలాగో సరిపోతుంది. మన లిపిలో ఒత్తు అక్షరం కింద చిన్నగా ఒదిగి ఉంటుంది. గుడికి, గుడిదీర్ఘానికి తేడా ఒక చిన్న మెలిక. ‘అర్థం’, ‘అర్ధం’ వేరుపడేది ఒత్తు కడుపులోని ఒక్క చుక్కతో. ప్రూఫులు దిద్దేవాళ్లకు డబ్బిచ్చేది ఆ చుక్క చూడడానికే.

అందుకే నేను రెండు తెరలే పెట్టుకుంటాను. కటకం అంచుల్లో అక్షరం మసకబారుతుంది కాబట్టి చదివే వాక్యాన్ని ఎప్పుడూ నడిమధ్యకు తెచ్చుకుంటాను. అక్షరాన్ని లాప్‌టాప్‌లో కంటే బాగా పెంచుతాను. తెరను మరీ దగ్గరికి లాగను. దగ్గరి వస్తువు కోసం రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి, హెడ్‌సెట్‌లో ఫోకస్ దూరం మాత్రం మారదు. ఆ పొంతన కుదరకే కళ్లు లాగుతాయి, తలనొస్తుంది. టైపు చేసేది అసలు కీబోర్డు మీదే.

ముఖం మీద అరకిలో బరువు మోయడం తేలిక కాదు. మా వైపు ఎండలు ముదిరితే ముఖానికి ఆనే మెత్త చెమటకు తడిసిపోతుంది. అందుకే ఎండాకాలంలో ఈ పని పొద్దున్నే. బ్యాటరీ సుమారు రెండు గంటలు వస్తుంది. అది అయిపోగానే లేచి నాలుగడుగులు వేయడం కళ్లకూ మెడకూ మంచిది. ఇంత చేసినా, ఆఖరి ప్రూఫు కాగితం మీద చూడకుండా పంపను.

వీర్లపాలెం థర్మల్ కేంద్రం, విష్ణుపురం సిమెంటు ఫ్యాక్టరీ మా చుట్టుపక్కలే ఉన్నాయి. అయినా కంప్యూటర్ పని అనగానే మా పిల్లలు హైదరాబాద్ బస్సెక్కుతారు. ఇరుకు గదిలోనూ విశాలమైన పనిచోటు ఇవ్వగలిగే పరికరం మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల్లో ఇంటి నుంచి పనిచేసే వాళ్లకు నిజంగా అవసరం. కొనాలనుకుంటే ముందు ఎవరిదైనా అడిగి పెట్టుకుని చూడండి. మీరు రోజూ చదివే సైజులో ‘అర్థం’, ‘అర్ధం’ పక్కపక్కన రాయండి. చుక్క తేడా తెలిస్తే కొనండి. తెలియకపోతే ఆ డబ్బుతో మంచి మానిటర్ తెచ్చుకోండి.