గల్ఫ్‌కు దారి: ప్లెక్సా, జెల్లీఫిన్నా?

ఆర్మూర్‌లో పెళ్లి వీడియో హార్డ్‌డిస్క్‌లో ఇంటికొస్తుంది. చూడాల్సినవాళ్లలో ఒకరిద్దరైనా దుబాయ్‌లోనో ఖతార్‌లోనో ఉంటారు. అందుకే ప్లెక్స్, జెల్లీఫిన్ అనే ఇంటి మీడియా సర్వర్లలో ఏది మేలో ఇక్కడ హాల్లో టీవీ ముందు తేలదు, ఇల్లు దాటాకే తేలుతుంది.

ఇంట్లో రెండూ ఒకే పని చేస్తాయి. పాత కంప్యూటర్‌లో ఫైళ్లు వేస్తే సినిమాలు పోస్టర్లతో సహా టీవీలో వరుసగా కనిపిస్తాయి. ప్లెక్స్ చూడ్డానికి బాగుంటుంది, జెల్లీఫిన్ కొంచెం మోటు.

ప్లెక్స్‌లో సర్వరు మనదే, ఖాతా మాత్రం కంపెనీది. బయటి ఊరి నుంచి మన వీడియోలు చూడటం ఇదివరకు ఉచితం. 2025 ఏప్రిల్ 29 నుంచి దానికీ డబ్బు కట్టాలి. ఇంటాయన ప్లెక్స్ పాస్ కొనాలి, లేదా చూసేవాడు వేరే చిన్న పాస్ తీసుకోవాలి. అదే రోజు జీవితకాల పాస్ ధర దాదాపు 120 డాలర్ల నుంచి 250కి ఎక్కింది. పసుపు రైతుదే అయినా అడ్తి రేటు వేరొకరు పెంచినట్టు.

జెల్లీఫిన్ పుట్టుకే ఇలాంటి సంగతికి జవాబు. 2018లో ఎంబీ అనే ఇంకో మీడియా సర్వరు తన కోడ్‌ను మూసేస్తే, అప్పటిదాకా బయట ఉన్న కోడ్‌తో కొందరు డిసెంబరులో దీన్ని మొదలుపెట్టారు. రేపు వీళ్లు మనసు మార్చుకున్నా ఇంకొకరు అందుకోవచ్చు. విచిత్రమేమిటంటే, ప్లెక్స్ కూడా ఎక్స్‌బీఎంసీ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నుంచే వచ్చింది.

అయితే జెల్లీఫిన్ ఉచితమే అయినా పని తప్పదు. మన ఇంటర్నెట్ కంపెనీలు చాలాచోట్ల ఒకే పబ్లిక్ చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతాయి కాబట్టి బయటి నుంచి ఇంటి సర్వరు నేరుగా అందదు. ఆ అడ్డును ప్లెక్స్ తన రిలే సర్వర్లతో దాటిస్తుంది, పాస్ ఉన్నా 2 ఎంబీపీఎస్ మించకుండా. జెల్లీఫిన్‌కైతే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ రెండు వైపులా పెట్టాలి. గల్ఫ్ క్యాంపులో ఉన్న అన్న ఫోన్‌లో అది ఎవరు పెడతారు? పైగా యూఏఈలో వీపీఎన్‌ను నేరానికి వాడితే భారీ జరిమానా. చెల్లెలి పెళ్లి చూడటం నేరమేం కాదు గానీ, ఆ పేరు వింటేనే మనిషి జంకుతాడు.

అయినా నా ఓటు జెల్లీఫిన్‌కే. అన్న ఛుట్టీ మీద వచ్చినప్పుడే ఫోన్‌లో అన్నీ పెట్టి, ఒకసారి బయటి నెట్‌తో నడిపి చూసి పంపాలి. అప్పటిదాకా ఆగలేని ఇంటికి ప్లెక్స్ పాసే దిక్కు, అదీ నెలవారీగా, ఛుట్టీ వచ్చేదాకా.