షార్ట్‌వేవ్ వినే చెవికి తగిన సెట్టు

దుకాణంలో రేడియో అడిగితే ముందు చెప్పేది బ్యాండ్ల లెక్క. పది బ్యాండ్లు, పన్నెండు బ్యాండ్లు! ఆ మాటకే పైసలు తీసిచ్చేవాళ్ళను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. షార్ట్‌వేవ్‌లో స్టేషన్‌కూ స్టేషన్‌కూ మధ్య ఎడం ఒక్కోసారి ఐదే కిలోహెర్ట్జ్. వాటిని విడదీయలేని సెట్టుకు ఎన్ని బ్యాండ్లుంటే ఏం లాభం?

విడదీయడమంటే సోనీ ఐసీఎఫ్ ఎస్‌డబ్ల్యూ 7600 జీఆర్‌దే. ఆ సైజులో దానికి సాటి వచ్చే సెట్టును నేను చూడలేదు. అందిన సిగ్నల్‌ను రెండు దశల్లో మార్చి వడగడుతుంది. పక్క స్టేషన్ మీద పడి అరుస్తుంటే సింక్ మీట నొక్కి, మనకు కావలసిన స్టేషన్ పైఅంచో కిందిఅంచో, ఏది శుభ్రంగా ఉంటే అది పట్టుకోవచ్చు. సిగ్నల్ సన్నగిల్లినా గొంతు చీలిపోదు. దాన్ని చేసిన ఇంజినీర్లకు దండం పెట్టాలి! ఇప్పుడది తయారు కావడం లేదు. పాతది దొరికితే వదలకండి. కొత్తదే కావాలంటే టెక్‌సన్ పీఎల్ 330 నయం.

కొనేముందు ఒక పరీక్ష. సాయంత్రం పూట 11,600 నుంచి 12,100 కిలోహెర్ట్జ్ మధ్య గట్టిగా పలికే స్టేషన్ పట్టి, అక్కడి నుంచి 910 కిలోహెర్ట్జ్ కిందికి దిగండి. అదే గొంతు మళ్ళీ వినిపించిందా, ఆ సెట్టు సిగ్నల్‌ను ఒకే దెబ్బతో 455 కిలోహెర్ట్జ్‌కి దించేస్తోందన్నమాట. దానికి రెట్టింపు దూరంలో పుట్టిన దొంగ స్టేషన్ అది. సెట్టు అక్కడే పెట్టి వచ్చేయండి.

మన ఇళ్ళలో ఒకప్పుడు ఉన్నవి మర్ఫీ, బుష్, ఫిలిప్స్ వాల్వు సెట్లు, తర్వాత ట్రాన్సిస్టర్లు, ఆపైన గల్ఫ్‌కు పోయిన కరీంనగర్ బిడ్డలు మోసుకొచ్చిన నేషనల్ పానాసోనిక్‌లు. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగును, 1952లో మొదలైన బినాకా గీత్‌మాలాలో అమీన్ సయానీ గొంతును మన ఇళ్ళకు తెచ్చినవి ఇటువంటి సెట్లే. వాటిని బతికించిన మెకానిక్కులది మరో విద్య. గోదావరిఖనిలో ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఇనుము తాకితే కాయిల్ లెక్క తప్పుతుందని వెదురుపుల్ల చెక్కుకుని, దాని కొసతో కోరును వెంట్రుకవాసి తిప్పుతూ, మీటరు లేకుండా చెవితోనే సెట్టును దారికి తెచ్చేవాడు. అంతటి చెయ్యి మళ్ళీ చూడలేదు.

రామగుండం హైటెన్షన్ లైన్ల దగ్గర, ఎల్ఈడీ బల్బుల నడుమ మంచి సెట్టు కూడా బుసకొడుతుంది. ఉట్నూరు, జన్నారం అడవి ఊళ్ళలో చెట్టుకు పది మీటర్ల తీగ కట్టి, అడాప్టర్ తీసేసి బ్యాటరీల మీద వినండి, తేడా మీకే తెలుస్తుంది.

1940లో మొదలైన బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ 2020 జనవరి 31న ఆగిపోయింది. స్టేషన్లే తగ్గాక మంచి సెట్టెందుకని కొందరంటారు. తప్పు! మిగిలినవి దూరానివి, బలహీనమైనవి. సెట్టు ఇప్పుడే ఇంకా గట్టిది కావాలి. పేరున్న కంపెనీ బొమ్మ అతికించి అంగట్లో పోస్తున్న నకిలీ డబ్బాలు కొత్త శ్రోతను మొదటి రోజే తరిమేస్తున్నాయి. షార్ట్‌వేవ్‌ను చంపుతున్నది అవే.

దయచేసి అటక మీది పాత సెట్టును తూకానికి వేయకండి. వాల్వు సెట్టయితే నేరుగా కరెంటుకు తగిలించకండి, ముందు కండెన్సర్లు మార్పించండి.