చెక్కుబందీ రాసే చెయ్యి

జూనియర్ వకీలంటే చాలామందికి వాయిదా అడిగే కుర్రాడే గుర్తొస్తాడు. కర్నూలు కోర్టు ఆవరణలో నా కళ్లు వెతికేది మాత్రం దావాలో ఆస్తి షెడ్యూలు, అంటే హద్దులు చెప్పే చెక్కుబందీ, రాసే చేతిని.

భూమి మీద దావా వేస్తే దాన్ని గుర్తుపట్టేలా హద్దులో, సర్వే నంబరో చూపాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 7వ ఆర్డరు, 3వ రూలు. కోడుమూరు వైపు రైతు వచ్చి "తూర్పున మా పెద్దనాయన చేను, పడమర వంక" అంటాడు. పెద్దనాయన ఎప్పుడో పోయాడు, చేను మూడు ముక్కలైంది, వంక పూడిపోయింది. జూనియర్ పాత దస్తావేజునూ అడంగల్‌నూ పక్కపక్కన పరుచుకుని, "ఇప్పుడు ఆపక్క ఎవరు సాగు చేస్తాండారు పెద్దాయనా?" అని ఓపిగ్గా అడుగుతాడు. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరకపోతే మామూలుగా హద్దులదే పైచేయి. ఒక్క దిక్కు తప్పు పడిందా, డిక్రీ చేతికొచ్చినా కోర్టు అమీను పొలంలో దేన్ని స్వాధీనం చేయాలి?

ఇంత చేసినా కక్షిదారు నోట వినబడేది సీనియర్ పేరే. అది నాకు అన్యాయంగానే తోస్తుంది.

సాయంత్రం జూనియర్లకు కొండారెడ్డి బురుజు దగ్గర టీ, మిరపకాయ బజ్జీ. కబుర్లు సినిమాతో మొదలై హైకోర్టు దగ్గరికి చేరతాయి: రాజధాని, హైకోర్టుల్లో ఒకటి రాయలసీమకు అన్న 1937 శ్రీబాగ్ ఒప్పందం, 1953లో కర్నూలు రాజధాని, 1954లో హైకోర్టు గుంటూరుకు. ఆ తర్వాత మళ్లీ ఆఫీసుకే. రేపటి సాక్షికి చీఫ్ అఫిడవిట్ ఇంకా టైపు కాలేదు.